దంతానికి దాయాదులు

చచ్చిపోయి పదివేల ఏండ్లు దాటిన జంతువు దంతానికి మైల ఉంటుందా? దాన్ని చెక్కి బొమ్మ చేస్తే ఆ బొమ్మను పూజగదిలో పెట్టుకోవచ్చా? సియాటిల్‌లో ఉద్యోగం చేసే మా అక్క కొడుకు వీడియో కాల్‌లో నన్ను అడిగిన ప్రశ్న ఇది. పెండ్లాం పిల్లలతో ఓడలో అలాస్కా చూడబోయి, జూనో ఊర్లో ఒక అంగడిలో అరచేతిలో ఇమిడే బొమ్మ కొన్నాడు. మీగడ రంగు, వీపు మీద తేనె రంగు చార, లోపలికి మెలి తిరిగిన పొడుగాటి దంతాలు.

"ఏనుగు బాగుండాదిరా" అన్నా.

"ఏనుగు కాదు మామా, మామత్. మామత్ దంతంతోనే మామత్‌ను చెక్కినారు."

అడుగు తిప్పి చూపించమన్నా. పని చేసేవాడి కన్ను ముందు అడుగు మీదికే పోతుంది. ముఖం ఎవరైనా బాగా చేస్తారు, అడుగులో సరుకు ఏదో, చెయ్యి ఎట్లాంటిదో తెలుస్తుంది. దంతాన్ని అడ్డంగా కోస్తే జల్లెడ అల్లినట్టు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటా కనిపిస్తాయి. వెలుపలి అంచు దగ్గర ఆ గీతలు కలిసే కోణం 90 డిగ్రీల లోపు ఉంటే మామత్, 115 దాటితే ఏనుగు. ఫోన్‌లో కోణం కొలవలేం గానీ గీతలు ఇరుకుగానే ఉన్నాయి. అంగడివాడు అబద్ధం చెప్పలేదనిపించింది.

"దీని కోసం ఎవర్నీ చంపలేదు మామా. మంచులో దొరికింది. అందుకే కొన్నా. నీ కొత్తింటి గృహప్రవేశానికి ఇట్లాంటిదే ఇంకోటి తెస్తా. దేవుడి దగ్గర పెట్టుకోవచ్చు గదా?"

నేను ఏర్పేడు మండలం మాధవమాలలో చెక్క పని చేసేవాణ్ణి. శ్రీకాళహస్తికీ తిరుపతికీ నడుమ ఉంటుంది మా ఊరు. ఏ ఇంటి అరుగు మీద చూసినా ఉలి చప్పుడే. దేవుళ్ళ బొమ్మలు, వాకిళ్ళు, గుళ్ళకు వాహనాలు చేస్తాం. ఏనుగు మా చేతికి బాగా అలవాటైన జంతువు. బ్రహ్మోత్సవాలకు గజవాహనం చెయ్యాలన్నా మేమే, బొమ్మల కొలువుకు చిన్న ఏనుగు కావాలన్నా మేమే. కాబట్టి అల్లుడు అడిగింది నాకు ఊసుపోక ప్రశ్న కాదు, వృత్తి ప్రశ్న.

తేవడం గురించి చెప్పడం తేలికే. తేకూడదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టాన్ని 1986లో సవరించి మన ఏనుగు దంతం వ్యాపారం ఆపేశారు. 1991లో ఆఫ్రికా దంతానికీ తలుపు మూశారు. అప్పుడు కొందరు వ్యాపారులు కోర్టుకు పోయి, మామత్ అసలు ఏనుగే కాదు, అంతరించిపోయిన జంతువు, దాని దంతానికి ఈ చట్టం ఎట్లా వర్తిస్తుందని వాదించారు. 2003లో సుప్రీంకోర్టు తేల్చేసింది: చట్టం వద్దన్నది దంతాన్ని, మామత్ దంతమూ దంతమే. మామూలు కంటికి రెండూ ఒకటిగానే కనపడతాయి గనక దాన్ని వదిలితే దీనికి దారి దొరుకుతుంది. ఈ సంగతి నాకు తిరుపతి కోర్టులో పని చేసే ఒక వకీలు చెప్పాడు. వినాయకుడి బొమ్మ చేయించుకోడానికి వచ్చి, నా పని అయ్యేదాకా కూర్చుని చెప్పాడు. అదే మాట అల్లుడికి చెప్పినా.

"చట్టం సరే మామా. ధర్మం చెప్పు" అన్నాడు.

ధర్మం ఫోన్‌లో చెప్పేది కాదురా అని పెట్టేశాను. తర్వాత ఉలి పట్టుకున్నంతసేపూ అదే ఆలోచన.

మొదట మైల సంగతి. మన ఇండ్లలో ఎముక అంటే మైల. శ్మశానం నుంచి వస్తే తలస్నానం. కానీ దంతం, శంఖం, కొమ్ము విషయంలో పెద్దలు అంత గట్టిగా లేరు. మనుస్మృతిలో నాకు ఒప్పుకోలేని సంగతులు చాలా ఉన్నాయి, కానీ అయిదో అధ్యాయంలో వస్తువుల శుద్ధి గురించి చెప్పింది చదివితే అది ఇల్లు నడిపిన మనిషి రాసినట్టుంటుంది. శంఖం, కొమ్ము, ఎముక, దంతం వీటితో చేసిన సామాన్లను నారబట్టను శుభ్రం చేసినట్టే చేసుకోమన్నాడు, తెల్ల ఆవాలూ గోమూత్రమూ నీళ్ళూ చాలు. అదే అధ్యాయంలో ఇంకొకటి నన్ను నిలబెట్టింది. మనిషి ఎముకను తాకితే, అందులో జిడ్డు తడి ఇంకా ఉంటే స్నానం చెయ్యాలి. ఎండిపోయి ఉంటే ఆచమనం చేసి ఆవును తాకినా, సూర్యుణ్ణి చూసినా చాలు. అంటే మైల అనేది చావులో లేదు, తడిలో ఉంది. కాలం గడిచే కొద్దీ తడి ఆరుతుంది, మైలా పలచబడుతుంది.

ఆ లెక్కన పదివేల ఏండ్ల నాటి దంతానికి మైల ఎక్కడిది? సూర్యుణ్ణి చూస్తే పాయె. అల్లుడు అడిగినదానికి శాస్త్రం ఇచ్చే జవాబు ఇంత చిన్నది.

కానీ చెయ్యి ఒప్పుకోలేదు. ఎందుకో చెప్తా. మామత్ దంతాన్ని శిలాజం అంటారు గానీ అది శిల కాలేదు. సైబీరియా మట్టిలో గడ్డకట్టిన చలికి అట్లాగే నిలిచిపోయింది. 2007లో అక్కడి యమాల్ ప్రాంతంలో లూబా అని పేరు పెట్టిన మామత్ పిల్ల దొరికింది. నెల వయసుది, చనిపోయి నలభై వేల ఏండ్లు దాటింది. చర్మం ఉంది, తొండం ఉంది, కడుపులో తల్లి పాల ఆనవాళ్ళు ఉన్నాయి. ఎండలేదు, అది నిద్రపోయిన పిల్ల. దంతం కూడా అంతే, ఎక్కువ భాగం ఇంకా పన్నే. అవును, పన్ను. దంతం ఎముక కాదు, ఏనుగు ముందరి పన్ను పెరిగి బయటికొచ్చిందే.

పన్ను అని నాకు పుస్తకం చదివి తెలియలేదు, ముక్కుతో తెలిసింది. మా తాత దగ్గర ఒక రేకు డబ్బా ఉండేది. అందులో దంతం ముక్కలు, చిటికెన వేలంతవి, చింతగింజంతవి. వాహనం ఏనుగు కండ్లలో తెలుపుకూ, దంతాల కొసలకూ వాటిని పొదిగేవాడు. నా చిన్నతనంలో అది తప్పు కాదు. ఆకురాయి పెట్టి అరగదీస్తా ఉంటే సన్నటి తెల్ల పొడి, దానితో పాటు వెంట్రుక కాలిన వాసన వచ్చేది. చెక్క పొడికి ఆ వాసన ఉండదు, రాతి పొడికి అసలు వాసనే ఉండదు. చాలా ఏండ్ల తర్వాత పన్ను నొప్పికి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు, ఆయన మిషను పెట్టి నా పన్ను రాస్తా ఉంటే అదే వాసన నా నోట్లోంచే వచ్చింది. కుర్చీలో పడుకుని తాత డబ్బాను తలుచుకున్నా. చట్టం వచ్చినాక ఆయన ఆ డబ్బాను అటవీశాఖ వాళ్ళకు అప్పజెప్పేశాడు. కొంచెం బాధపడ్డాడు, ఎక్కువ కాదు.

ఇప్పుడు మీరు అడగొచ్చు, చచ్చిన జీవిని మనం పూజించడం లేదా అని. పూజిస్తున్నాం, నిత్యం. సాలగ్రామం ఏమిటి? నేపాల్‌లో ముక్తినాథ్ దిగువన గండకీ నదిలో దొరికే నల్ల రాయి. హిమాలయం లేవకముందు అక్కడ సముద్రం ఉండేది, అందులో చుట్టచుట్టుకున్న గుల్లతో బతికిన ప్రాణి ముద్ర అది. పది కోట్ల ఏండ్లకు పైబడిన శవం ముద్ర. ఆ చుట్టనే మనం సుదర్శన చక్రం అంటాం. దానికి అభిషేకం చేసి ఆ నీళ్ళు తీర్థంగా తాగుతాం. తిరుమలలో స్వామివారి ఆభరణాల్లో సాలగ్రామ హారం ఉంది. అంటే చచ్చిన ప్రాణి దేవుడి మెడలోనే ఉంది, మైల మాట ఎవరూ ఎత్తరు.

తేడా ఎక్కడుంది? మొదట నాకు కాలంలో ఉందనిపించింది. తిరుమల ఘాట్ రోడ్డులో పైకి పోతుంటే కొండ గోడలో రెండు రకాల రాళ్ళు కలిసే చోటొకటి ఉంటుంది, భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని జాతీయ స్మారకంగా గుర్తించారు. కింద గ్రానైటు, పైన నగరి క్వార్ట్‌జైటు. ఆ రెంటికీ మధ్య గీత మీద వేలు పెడితే, ఆ వేలి కింద ఎనభై కోట్ల ఏండ్ల కాలం మాయమై ఉంటుందట. ఏడుకొండలవాడి వాకిట్లో అట్లాంటి లెక్క పెట్టుకుని చూస్తే మామత్ నిన్న సాయంత్రం పోయినట్టే.

కానీ కాలం ఒక్కటే కాదు. సాలగ్రామాన్ని ఎవరూ చెక్కరు. దానికి ప్రాణప్రతిష్ఠ కూడా అక్కర్లేదంటారు, అది ఉన్నదున్నట్టుగా స్వామి. దొరికిన రూపంలోనే కండ్లకద్దుకుంటాం. మామత్ దంతానికి ఆ మర్యాద ఎవరిచ్చారు? దాన్ని కోసి, సానబెట్టి, ఎలుగుబంటి చేసి, డేగ చేసి, తిమింగలం చేసి, చివరికి దాన్నే చిన్నదిగా చేసి గాజు అరలో ధర చీటీ కట్టి పెట్టారు. ఇది నిందగా అనడం లేదు, నా పనీ అదే గదా. కాకపోతే అక్కడ ఒక అడుగు తప్పిపోయింది, అది మా వృత్తిలో మొదటి అడుగు.

చెట్టును అడగడం.

వరాహమిహిరుడి బృహత్సంహితలో వనసంప్రవేశం అని ఒక అధ్యాయం ఉంది. విగ్రహానికి చెక్క కావాలంటే శిల్పి మంచి రోజు చూసుకుని అడవికి పోవాలి. చెట్టును ఎంచుకుని రాత్రి దానికి పూజ చేసి, బలి పెట్టి, ఈ చెట్టులో కాపురం ఉన్న భూతాలారా, ఈ పూజ తీసుకుని వేరే చోటికి పోండి, మమ్మల్ని క్షమించండి అని అడగాలి. తెల్లారి నీళ్ళు చల్లి అప్పుడు గొడ్డలి. మా తాత ఇందులో సగం చేసేవాడు, మా నాయన పావలా వంతు. నేను డిపోలో దుంగ కొనుక్కొచ్చి, తొలి ఉలి దెబ్బకు ముందు పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొడతా. అంతవరకే మిగిలింది.

ఆ అధ్యాయంలో ఏ చెట్లు పనికిరావో కూడా ఉంది. శ్మశానంలోది వద్దు, పుట్ట మీదిది వద్దు, తేనెపట్టు ఉన్నది వద్దు. పిడుగు పడినది, గాలికి దెబ్బతిన్నది, ఏనుగు విరిచినది, ఎండిపోయినది, తనంతట తానే పడిపోయినది కూడా వద్దు. ఈ చివరి మాట నేను కుర్రతనంలో చదివి నవ్వుకున్నా. తనంతట పడిన చెట్టైతే పాపమే లేదు గదా, దాన్ని వద్దంటాడేమిటి ఈ పెద్దమనిషి అని. ఇప్పటి లోకం కూడా అదే అంటుంది: చంపలేదు, దొరికింది, కాబట్టి శుద్ధం. మా అల్లుడి వాదమంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

శాస్త్రకర్త దీనికి కారణం రాయలేదు. నాకు తోచింది చెప్తా. పడిపోయిన చెట్టును అడగలేం. అది ఇవ్వగలిగే స్థితిలో లేదు, కాదనగలిగే స్థితిలోనూ లేదు. దేవుడి రూపానికి కావలసింది ఎవరికీ చెందని సరుకు కాదు, ఒకరు ఇచ్చిన సరుకు. హింస లేకపోవడమే శుద్ధి అయితే గృహస్థు ఒక్క పూట బతకలేడు. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్ళకుండ, ఈ అయిదింటి దగ్గరా ప్రాణులు చస్తూనే ఉంటాయని మనవాళ్ళు ఒప్పుకున్నారు. ఒప్పుకుని దానికి రోజూ తీర్చుకునే ఋణంగా అయిదు యజ్ఞాలు పెట్టారు. నాది ఆరో చోటు, బాడిసె. దానికీ ఋణం ఉంది. అడిగి తీసుకోవడం, తీసుకున్నది వృథా చెయ్యకపోవడం, ఇచ్చినవాణ్ణి మరిచిపోకపోవడం, ఆ ఋణం తీర్చుకోడానికి నాకు తెలిసిన దారులు ఇవే.

ఇచ్చినవాడి సంగతికొస్తే, మన ప్రాంతంలో దీనికి పెద్ద పెద్ద సాక్షులున్నారు. కాణిపాకంలో బావిలో వెలసిన ఆయన ఏకదంతుడు. రెండో దంతం ఏమైంది? భారతం రాయడానికి గంటం కోసం తానే విరిచాడని కథ. ఎవరో కోసుకుపోలేదు. దంతాన్ని పనిముట్టు చేసే హక్కు ఆ దంతం మొలిచినవాడిదే అని ఇంతకంటే తేటగా ఎవరు చెప్తారు? హిమాలయం కింది శివాలిక్ కొండల్లో దొరికిన ఒక ప్రాచీన గజానికి 19వ శతాబ్దంలో ఫాకనర్, కాట్లీ అనే ఇద్దరు తెల్లదొరలు స్టెగోడాన్ గణేశ అని పేరు పెట్టారు. దాని దంతాలు దాదాపు దాని ఒంటి పొడుగు. దొరలకు కూడా ఆ పేరే తట్టింది.

శ్రీకాళహస్తిలో సాలీడు, పాము, ఏనుగు ముగ్గురూ వాయులింగాన్ని కొలిచిన కథ మీకు తెలిసిందే. పాము మణులు పెడితే ఏనుగు తుడిచేసి బిల్వపత్రి పెట్టేది. పాముకు కోపమొచ్చి తొండంలో దూరింది, రెండూ చచ్చాయి. స్వామి ఎవరి పక్షమూ పట్టకుండా ముగ్గుర్నీ తనలో కలుపుకున్నాడు. లింగం అడుగున సాలీడు, నడుమ రెండు ఏనుగు దంతాలు, పైన పాము పడగలు కనిపిస్తాయని చెప్తారు. అర్చకులు కూడా ఆ లింగాన్ని చేత్తో తాకరు. దంతం దేవుడిలో ఉంది, కానీ ఏ ఉలీ దాన్ని తాకలేదు. ఏనుగే తెచ్చి ఇచ్చుకుంది. అదే గుళ్ళో కన్నప్ప ఎంగిలి మాంసం కూడా చెల్లింది. అక్కడ మైలకు పెద్ద విలువ లేదు, ఇచ్చిన చేతికి ఉంది.

తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత మూలవిరాట్టుకు పునుగు తైలం పూస్తారు. ఆ పునుగు తిరుపతిలో పెంచే పునుగు పిల్లుల నుంచే వస్తుంది. బోనులో గంధపు కర్ర నిలబెడితే ఆ పిల్లి వచ్చి ఒళ్ళు రుద్దుకుంటుంది, కర్రకు అంటిన జిడ్డును తీసుకుంటారు. అడవి జంతువును బోనులో పెట్టొచ్చా అని అడిగేవాళ్ళున్నారు, వాళ్ళు అడగడం న్యాయమే. కానీ దాన్ని చంపి తీసుకోవడానికీ, అది రుద్దుకుని పోయింది తీసుకోవడానికీ నడుమ ఎంత దూరముందో కూడా చూడాలి.

మరి మామత్‌ను అడగడమెట్లా? అది లేదు. సొత్తుకు యజమాని పోతే ఎవర్నడుగుతాం? పల్లెటూరి న్యాయం అయితే దాయాదుల్ని అడుగుతాం.

మామత్‌కు దాయాదులున్నారు. జన్యువులు చూసినవాళ్ళు చెప్పేదేమంటే ఆఫ్రికా ఏనుగు కంటే మామత్ మన ఆసియా ఏనుగుకే దగ్గరి చుట్టం. అంత పాతదీ కాదు. ప్రధాన భూమి మీద పదివేల ఏండ్ల కిందటే దాదాపు పోయినా, ఉత్తర ధ్రువ సముద్రంలో రాంగెల్ అనే దీవిలో చివరి మంద నాలుగు వేల ఏండ్ల కిందటి దాకా బతికింది. ఆ సరికి హరప్పా మనుషులు ముద్రల మీద ఏనుగును చెక్కుతున్నారు, దంతంతో దువ్వెనలు చేస్తున్నారు. నా వృత్తి పూర్వీకుడొకడు సింధు ఒడ్డున దంతం మీద గీత గీస్తున్న రోజున ఎక్కడో మంచు దీవిలో మామత్ గడ్డి మేస్తా ఉంది. ఇది తెలిసిన రోజు నాకు పని సాగలేదు.

ఆ దాయాదులు మనకు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, పలమనేరు, కుప్పం అడవుల్లో ఉన్నారు. 1980లలో కర్ణాటక, తమిళనాడు అడవుల నుంచి వచ్చి ఇక్కడ నిలిచారు. వాళ్ళ కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం పెట్టారు. అప్పట్నుంచి రైతుకూ ఏనుగుకూ నడుమ రోజూ తగువే. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర చెన్నై–బెంగళూరు రోడ్డు మీద లారీ గుద్ది మూడు ఏనుగులు చచ్చాయి. 2025 జనవరిలో చంద్రగిరి మండలంలో పొలం కాపలాకు పోయిన మనిషిని ఏనుగులు తొక్కేశాయి. ఆ ఏడే అడవి ఏనుగుల్ని తరమడానికి కర్ణాటక నుంచి కుంకీలనే తర్ఫీదు ఏనుగుల్ని తెచ్చి ముసలిమడుగు దగ్గర శిబిరం పెట్టారు. ఏ పక్షం తప్పని నేను చెప్పను. రాత్రంతా టమోటా తోటలో డబ్బా కొట్టుకుంటా కూర్చునే రైతుకు ఏనుగు దేవుడని చెప్పే ధైర్యం నాకు లేదు.

పలమనేరు దిక్కున మా చుట్టాల ఊర్లో ఒకసారి కరెంటు తీగ తగిలి ఏనుగు చచ్చింది. మగది. ఏ పొలమో, ఎవరి తీగో ఇప్పుడు అనవసరం. నేను పోయేసరికి నుదుటి మీద పసుపు పూసి కుంకుమ పెట్టినారు. ఆడవాళ్ళు టెంకాయలు కొట్టి కర్పూరం వెలిగిస్తున్నారు. ముందురోజు దాకా దాన్ని తిట్టినవాళ్ళే. తర్వాత డాక్టర్లు, అటవీశాఖ వాళ్ళు వచ్చినారు. పంచనామా రాసుకుని దంతాలు తీసేదానికి పూనుకున్నారు. దంతం ప్రభుత్వ ఆస్తి, వదిలేస్తే రాత్రికి దొంగలు తవ్వుకుపోతారు. బయటికి కనిపించేదే దంతమని అంతదాకా అనుకునేవాణ్ణి. మూడో వంతు పుర్రె లోపలే ఉంటుంది. బుగ్గ కోసి, ఎముక చెక్కి లాగినారు. వేరు దగ్గర డొల్ల, ఆ డొల్లలో మాంసం, నెత్తురు. నా పక్కన నిలబడిన ముసలామె, "నోట్లో పన్ను పీకినట్టే గదా నాయనా" అంది. అప్పటికి ఎండ బాగా ఎక్కింది. దంతాన్ని టేపుతో కొలిచి, కాటా వేసి, నెంబరు రాసి గోనెలో చుట్టినారు. జేసీబీతో గుంత తీసి ఏనుగును పూడ్చినారు.

సుప్రీంకోర్టు తీర్పు నాకు అప్పుడు పూర్తిగా అర్థమయింది. అది కంటి పొరపాటు గురించి మాత్రమే చెప్పినట్టుంటుంది గానీ, ఫలితం చూస్తే చచ్చిన అన్న ఆస్తి మీద బతికున్న తమ్ముడి మాట చెల్లించినట్టే ఉంది. ఎందుకంటే బొమ్మ తన పుట్టుక చెప్పదు. ఎర్రచందనం విషయంలో మాకిది తెలుసు. వేలంలో బిల్లుతో కొన్న దుంగతో చేసిన మరపాచి బొమ్మా, దొంగ దుంగతో చేసిన మరపాచి బొమ్మా పక్కపక్కన పెడితే నేనే తేల్చలేను. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో ఇరవై మంది తమిళనాడు కూలీలు పోయారు. వాళ్ళు కొట్టారన్న ఎర్రచందనం ఏ బొమ్మగా ఏ ఇంటికి చేరాల్సి ఉందో ఎవరికి తెలుసు? మరపాచి అంటే పెండ్లికూతురికి సారెలో పెట్టే బొమ్మ.

అవతలి పక్షం కూడా తెలుసు. సైబీరియాలో, యాకుతియా పల్లెల్లో వేరే సంపాదన తక్కువ. నేల మంచు కరిగి దంతాలు బయట పడుతున్నాయి, తియ్యకపోతే నదిలో కొట్టుకుపోతాయి. ఏటా పదుల టన్నులు పోయేది చైనా వైపుకే. 2017 చివర చైనా ఏనుగు దంతాన్ని నిషేధించినాక మామత్ మీద ఆశ ఇంకా పెరిగింది. ఇది దొరికితే ఏనుగు బతుకుతుంది గదా అంటారు. నిజం ఉండొచ్చు. కానీ అక్కడా అన్నీ దొరికినవే కాదు. పంపులు పెట్టి ఏటి గట్లకు నీళ్ళు కొట్టి, మంచు నేలను కరిగించి, గుహలు చేసి లాగుతున్నారు. బురద ఏటిలోకి పోతోంది. ఎవర్నీ చంపలేదన్న మాటలో ఏరు లెక్కకు రాలేదు.

ఇంకొకటి ఒప్పుకోవాలి. ఆ సరుకు నా చేతికొస్తే ఎట్లుంటుందో నాకు తెలుసు. టేకులో గీత నేను చెప్పిన చోటికి పోదు, చారను బట్టి పోతుంది. దంతంలో రెప్ప వెంట్రుక తియ్యొచ్చు, గోరు కింద ముడత తియ్యొచ్చు. 18వ శతాబ్దంలో విశాఖపట్నం కంసాలులు కంపెనీ దొరలకు పెట్టెల మీదా కుర్చీల మీదా పొదిగిన దంతపు లతలు లండన్‌లో విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ఫొటోల్లో చూస్తేనే నా వేళ్ళు కదులుతాయి. కాబట్టి నేను వద్దనేది రుచి తెలియక కాదు.

అల్లుడికి మళ్ళీ ఫోన్ చేసినా. పూజగదిలో వద్దన్నా. మైల అని కాదు, అడగనిది దేవుడికి పెట్టకూడదని. కొన్నదాన్ని పారేయమనలేదు, హాల్లో పెట్టుకుని పిల్లలకు లూబా కథ చెప్పమన్నా. రెండోది కొనొద్దన్నా. వాడు కాసేపు గమ్మునుండి, "అయితే ఎక్కడైనా మామత్ మ్యూజియం పెట్టినా తప్పేనా మామా?" అన్నాడు. తప్పెట్లా అవుతుంది? అక్కడ దాన్ని చెక్కరు గదా.

మీలో ఎవరికైనా ఏనుగు బొమ్మ కావాలంటే మాధవమాలకు రండి, ఏ ఇంటికైనా పోండి. దంతాలు కూడా చెక్కవే అతికిస్తాం, లేత రంగు చెక్కతో. ఎర్రచందనం అడిగితే మాత్రం బిల్లు చూపించమని అడగండి. చూపించనివాడి దగ్గర, నా దగ్గరైనా సరే, కొనొద్దు.